డిస్కులన్నీ ఒకేసారి పోయాయా, పోయింది రైడ్ కార్డా? పాత సర్వర్‌లో లోపం పట్టుకునే తీరు

క్లుప్తంగా: సర్వర్‌లోని డిస్కులన్నిటినీ కలిపి నడిపే రైడ్ కార్డు పాడైనా చాలా సందర్భాల్లో డేటా డిస్కుల మీద అలాగే ఉంటుంది. దోషం కార్డుదా, కేబుల్‌దా, బ్యాక్‌ప్లేన్‌దా (డిస్కులు గుచ్చే స్లాట్ల బోర్డు), డిస్కుదా అన్నది ఎర్రర్ సందేశం కన్నా ఎన్ని స్లాట్లు, ఏ క్రమంలో పడిపోయాయన్న దాన్నిబట్టి బాగా తెలుస్తుంది. డేటా రాసే వేగం ఉన్నట్టుండి తగ్గితే ముందు బ్యాటరీని చూడాలి. దోషం తేలేదాకా రీబిల్డ్ (పోయిన డిస్కు డేటాను మళ్లీ కట్టడం), ఇనిషియలైజ్, క్లియర్ జోలికి పోకూడదు.

ఎనిమిది డిస్కులున్న పాత సర్వర్ ఒకటి రీబూట్ చేశాక లేవదు. తెర మీద నాలుగు డిస్కులు ‘ఫెయిల్డ్’ అని, వాల్యూమ్, అంటే డిస్కులన్నీ కలిసి ఒకటిగా కనిపించే నిల్వ, ‘ఆఫ్‌లైన్’ అని కనిపిస్తుంది. ఏళ్ల తరబడి తిరిగిన డిస్కుల్లో ఒకటి పోవడం మామూలే. ఒకే బ్యాచ్‌వి అయితే కొద్ది రోజుల తేడాతో రెండోదీ పోవచ్చు. ఒకే క్షణంలో నాలుగు పోవడం మాత్రం దాదాపు జరగని పని. అయినా కార్డు అదే చెబుతుంది. దానికి తెలిసింది ఒక్కటే: అడిగితే డిస్కు జవాబివ్వలేదు. ఆ మౌనానికి కారణం డిస్కులో ఉందో, మధ్య దారిలో ఉందో, అడిగిన తనలోనే ఉందో తేల్చుకునే వీలు దానికి చాలాసార్లు ఉండదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. హార్డ్‌వేర్ రైడ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కు డిస్కులు నేరుగా కనిపించవు, కార్డు చూపించే వాల్యూమే కనిపిస్తుంది. డిస్కుల బాగోగుల కబురు ఏదైనా కార్డు నోటి నుంచే రావాలి. కార్డు మీదే అనుమానం వచ్చిన రోజున సాక్షి, నిందితుడు ఒక్కరే అయిపోతారు. అందుకే ఈ లోపాన్ని వెతికేటప్పుడు కార్డు చెప్పని ఆధారాలకు ఎక్కువ విలువ.

కార్డు మీద ఏముంటుంది

1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ రైడ్ స్థాయిలను వివరిస్తూ పత్రం వెలువరించారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి వాడే బదులు చవకైన చిన్న డిస్కులు కొన్ని కలిపి వాడటం, వాటిలో ఒకటి పోతే మిగతావాటి సాయంతో డేటాను మళ్లీ కట్టుకోవడం అందులోని ఆలోచన. డిస్కు పోతే ఏం చేయాలో ఆ పద్ధతిలో ఉంది. డిస్కులన్నిటినీ నడిపే కార్డే పోతే? మామూలు సర్వర్‌లో అలాంటి కార్డు ఒక్కటే ఉంటుంది, దానికి జోడీ ఉండదు.

ఆ కార్డు నిజానికి ఓ చిన్న కంప్యూటర్. పారిటీ (పోయిన డేటాను తిరిగి కట్టుకోవడానికి దాచే అదనపు వివరం) లెక్కలు కట్టే ప్రాసెసర్, క్యాష్‌గా పనిచేసే మెమరీ, కరెంటు పోయినా క్యాష్‌ను నిలబెట్టే బ్యాటరీ, ఫర్మ్‌వేర్ ఉండే ఫ్లాష్, సెట్టింగులను గుర్తుంచుకునే చిన్న చిప్పు దాని మీద ఉంటాయి. వీటిలో ఏది ముసలిదైనా బయటికి కనిపించే లక్షణం వేరుగా ఉంటుంది.

ఏయే డిస్కులు ఏ వరసలో కలిశాయి, ఎంతేసి ముక్కలుగా డేటా పంచారు అనే వివరం కార్డులో మాత్రమే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు. చాలా కార్డులు ఆ మెటాడేటాను ప్రతి డిస్కు మీదా, సాధారణంగా చివరి భాగంలో, రాసి పెడతాయి. కార్డు పోయినంత మాత్రాన అరే, అంటే కలిసి పనిచేసే డిస్కుల సమూహం, పోదని ధైర్యంగా చెప్పగలిగేది ఇందువల్లే.

మొదట బ్యాటరీ

పాత సర్వర్ చావలేదు, కానీ ఒక్కసారిగా నత్తనడక పట్టింది అంటే సగం అనుమానం బ్యాటరీ మీదికే వెళ్లాలి. బ్యాటరీ బాగున్నంతకాలం కార్డు ‘రైట్ బ్యాక్’ పద్ధతిలో పనిచేస్తుంది. డేటా క్యాష్‌లోకి రాగానే ‘రాసేశాను’ అని జవాబిచ్చి, డిస్కు మీదికి తీరిగ్గా ఎక్కిస్తుంది. బ్యాటరీ నిలవదని తెలిసిన మరుక్షణం ‘రైట్ త్రూ’కు మారిపోతుంది. ఇక డిస్కు మీద రాయడం పూర్తయితే తప్ప జవాబివ్వదు.

తేడా ఎంతో లెక్కేస్తే తెలుస్తుంది. ఒక డిస్కు పోయినా తట్టుకునే రైడ్ 5లో ఓ చిన్న ముక్క రాయాలంటే పాత డేటా చదవాలి, పాత పారిటీ చదవాలి, కొత్త డేటా రాయాలి, కొత్త పారిటీ రాయాలి. మొత్తం నాలుగు పనులు. 7,200 ఆర్‌పీఎం డిస్కు చెదురుమదురు పనులైతే సెకనుకు సుమారు 80 చేయగలదు. అలాంటివి నాలుగు కలిపినా 320, దాన్ని నాలుగుతో భాగిస్తే మళ్లీ 80కే వస్తుంది. అంటే క్యాష్ లేకుండా నాలుగు డిస్కుల అరే, చిన్న చిన్న రాతల విషయంలో, ఒంటరి డిస్కుతో సమానం. డేటాబేస్ నడిచే సర్వర్‌లో ఇది గంటలోపే ఫిర్యాదులుగా బయటపడుతుంది. లాగ్‌లో మాత్రం డిస్కు ఎర్రర్ ఉండదు, డిస్కుల లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి.

ఇలాంటి మందగమనం కొన్నాళ్లకోసారి వచ్చి, కొన్ని గంటలుండి, తనంతట తానే పోతుంటే అది లోపం కాకపోవచ్చు. బ్యాటరీలో ఎంత సత్తువ మిగిలిందో కొలవడానికి పాత కార్డులు దాన్ని పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ నింపుతాయి. దీన్ని ‘లెర్న్ సైకిల్’ అంటారు. కొన్నింటిలో 30 రోజులకోసారి, కొన్నింటిలో 90 రోజులకోసారి జరుగుతుంది. ఆ కాసేపు కార్డు రైట్ త్రూలోకి దిగుతుంది.

బ్యాటరీ పోయినా రైట్ బ్యాక్‌లోనే ఉంచమని బలవంతపెట్టే సెట్టింగు చాలా కార్డుల్లో ఉంటుంది. వేగం వెంటనే తిరిగొస్తుంది కాబట్టి దాన్ని నొక్కాలన్న ఆశ పుడుతుంది. కరెంటు ఒక్కసారి పోతే క్యాష్‌లోని రాతలన్నీ గల్లంతే. ఫైల్‌సిస్టమ్ మాత్రం అవి డిస్కుకు చేరాయనే నమ్ముతుంది. యూపీఎస్ ఉందిగా అనే వాదన ఇక్కడ పూర్తిగా నిలవదు. సర్వర్ లోపలి పవర్ సప్లై పోతే యూపీఎస్ చేయగలిగింది ఏమీ లేదు. కార్డు తీసి చూసినప్పుడు బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఇంకో మాటకు తావు లేదు, దాన్ని మార్చాల్సిందే.

పడిపోయిన స్లాట్లు చెప్పే కథ

డిస్కులు పడిపోతున్నప్పుడు మొదట కావాల్సింది ఓ కాగితం మీద స్లాట్ల పటం. ఎనిమిది పోర్టుల పాత శాస్ (సర్వర్ డిస్కులను కలిపే పద్ధతి) కార్డుకు సాధారణంగా రెండు ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087 సాకెట్లు ఉంటాయి. ఒక్కో కేబుల్‌లో నాలుగు దారులుంటాయి. ఎక్స్‌పాండర్ (ఒక దారిని చాలా డిస్కులకు పంచే చిప్పు) లేని బ్యాక్‌ప్లేన్ అయితే 0 నుంచి 3 దాకా స్లాట్లు ఒక కేబుల్‌కు, 4 నుంచి 7 దాకా రెండో కేబుల్‌కు వెళ్లడం సాధారణం.

ఇప్పుడు మొదటి ఉదాహరణకు వద్దాం. పోయిన నాలుగు డిస్కులూ 4, 5, 6, 7 స్లాట్లవైతే అవి డిస్కులు పోయినట్టు కాదు. రెండో కేబులో, దాని సాకెట్టో, బ్యాక్‌ప్లేన్‌లో ఆ సగమో పోయినట్టు. రెండు కేబుళ్లను కార్డు వైపున అటుదిటు మార్చి చూస్తే విషయం ఇంకాస్త తేలుతుంది. లోపం 0-3 స్లాట్లకు మారితే దోషం కార్డు సాకెట్‌ది. 4-7 లోనే ఉండిపోతే కేబుల్‌దో, బ్యాక్‌ప్లేన్‌దో. అప్పుడు కేబుల్ ఒక్కటి మార్చి చూస్తే ఆ రెంటిలో ఏదో తేలుతుంది. ఈ పరీక్ష సర్వర్ పూర్తిగా ఆపి చేయాలి, అరే ఆఫ్‌లైన్‌లో ఉన్నప్పుడు ఆటోమేటిక్ రీబిల్డ్ మొదలు కాకుండా స్పేర్ డిస్కును బయటికి లాగి ఉంచాలి.

పడిపోయినవి వరసలో లేకుండా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే, అదీ సర్వర్ ఆన్ చేసిన తొలి క్షణాల్లో ఎక్కువగా జరుగుతుంటే, పవర్ సప్లైని చూడాలి. డిస్కు మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడే కరెంటు ఎక్కువ లాగుతుంది. బలహీనపడిన సప్లై అన్ని డిస్కుల మొదటి చుట్టునూ ఒకేసారి మోయలేదు.

ఒక్క స్లాటే మాటిమాటికీ పడిపోతుంటే డిస్కును వేరే స్లాట్‌లోకి మార్చడం కంటే ముందు దాని స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి దాచుకునే లెక్కలు, చదవడం మేలు. స్మార్ట్‌సీటీఎల్ పనిముట్టు మెగారైడ్ లాంటి కార్డుల వెనకున్న డిస్కులనూ విడివిడిగా అడగగలదు. సాటా డిస్కులో (మామూలు కంప్యూటర్లలో వాడే రకం) 5, 197 నంబర్ల లెక్కలు, అంటే చెడిన, చెడినట్టు అనుమానమున్న సెక్టార్ల సంఖ్య, పెరుగుతుంటే పళ్లెం మీదే దెబ్బ ఉంది. అవి సున్నాలో ఉండి 199 ఒక్కటే, అంటే దారిలో చెడిన డేటా లెక్క, పెరుగుతుంటే దోషం డిస్కు బయట ఉంది. శాస్ డిస్కులైతే ఇదే సంగతి ఫై (డిస్కుకు వెళ్లే లింకు) ఎర్రర్ లెక్కల్లో దొరుకుతుంది. ఈ అంకెలు డిస్కు తనలో తాను రాసుకున్నవి. కార్డు మాట మీద ఆధారపడనివి కాబట్టే వీటికి అంత విలువ.

డెస్క్‌టాప్ డిస్కులు పెట్టిన సర్వర్లలో ఇంకో రకం అబద్ధపు చావు కనిపిస్తుంది. చదవలేని సెక్టార్ ఎదురైతే ఎంటర్‌ప్రైజ్ డిస్కు సుమారు 7 సెకన్లు ప్రయత్నించి చేతులెత్తేస్తుంది, కార్డు ఆ ముక్కను పారిటీ నుంచి తెచ్చుకుంటుంది. డెస్క్‌టాప్ డిస్కు మాత్రం పట్టువదలకుండా చాలాసేపు ప్రయత్నిస్తూనే ఉంటుంది. అంతసేపు ఓపిక లేని కార్డు దాన్ని చచ్చినదాని కింద జమకట్టి అరే నుంచి తీసేస్తుంది. బయటికి తీసి వేరే కంప్యూటర్‌లో పరీక్షిస్తే ఆ డిస్కు చక్కగా పనిచేస్తుంది.

దోషం కార్డుదే అని ఎప్పుడు తేలుతుంది

అన్ని డిస్కులూ ఒకేసారి మాయమవడం, లేదా కార్డే మాయమవడం బలమైన ఆధారం. బూట్ సమయంలో కార్డు తన పేరు చెప్పుకునే తెర రాకపోతే మూడు కారణాల్లో ఏదో ఒకటి ఉండొచ్చు. కార్డు పోయి ఉండాలి, స్లాట్‌లో సరిగా కూర్చోక ఉండాలి, లేదా బయోస్‌లో ఆ స్లాట్ ఆప్షన్ రామ్ (కార్డు బూట్‌లో నడిపే సొంత ప్రోగ్రామ్) ఆపేసి ఉండాలి. మూడోది సర్వర్ మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి సెట్టింగులు మొదటికి వచ్చినప్పుడు జరుగుతుంది. కార్డుకు ఏ జబ్బూ లేకుండానే చచ్చినట్టు కనిపించే సందర్భాల్లో ఇదొకటి.

కార్డు కనిపించినా పూర్తిగా లేవకపోవచ్చు. హెచ్‌పీ స్మార్ట్ అరే కార్డుల్లో 1783 అనే సంఖ్యతో కంట్రోలర్ ఫెయిల్యూర్ సందేశం వస్తుంది. 1719 వస్తే కిందటిసారి నడుస్తుండగా కార్డు బిగుసుకుపోయిందని అర్థం. ఎల్‌ఎస్‌ఐ చిప్పుల మీద నడిచే కార్డుల్లో, డెల్ పెర్క్ సహా, ఫర్మ్‌వేర్ ‘ఫాల్ట్ స్టేట్’లో ఉందనో, క్యాష్ మెమరీలో ‘మల్టీ బిట్ ఈసీసీ’ (సరిదిద్దలేని మెమరీ) ఎర్రర్లు ఉన్నాయనో కనిపిస్తుంది. రెండోదానికి కొన్ని పాత కార్డుల్లో మందుంది. క్యాష్ మెమరీ విడిగా ఊడొచ్చే డిమ్ రూపంలో ఉంటే దాన్ని తీసి, అంచులు శుభ్రం చేసి మళ్లీ బిగించడం, పనిచేయకపోతే డిమ్ మార్చడం.

అన్నిటికన్నా విసిగించేది గంటల తర్వాత వచ్చే లోపం. సర్వర్ లేస్తుంది, బాగానే నడుస్తుంది, రాత్రి బ్యాకప్ మొదలై భారం పెరిగాక కార్డు స్తంభిస్తుంది. లినక్స్‌లో డిస్కు ఆదేశానికి మామూలు గడువు 30 సెకన్లు. అది దాటాక డ్రైవర్ కార్డును రీసెట్ చేయబోయినట్టు లాగ్‌లో వరసలు పడతాయి, చివరికి ఫైల్‌సిస్టమ్ చదవడానికే పరిమితమైపోతుంది. ఆపి చల్లారాక ఆన్ చేస్తే మళ్లీ మామూలే. ఇది వేడి లక్షణం. ఈ కార్డులకు సొంత ఫ్యాన్ ఉండదు. చాలా మెగారైడ్ కార్డులు నిమిషానికి 200 అడుగుల వేగంతో గాలి తమ మీదుగా పారుతుందన్న లెక్కతో తయారైనవి. సర్వర్ మూతలోని గాలి తొడుగు తీసేసినా, కార్డును మామూలు కంప్యూటర్ పెట్టెలోకి మార్చినా ఆ గాలి అందదు. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము, దాని కింద ఎండి పెళుసైన పేస్టు కూడా ఇదే ఫలితాన్నిస్తాయి. పేస్టు మార్చడం పావుగంట పని. కొత్త కార్డు కోసం వెతికే ముందు ఇది చేసి చూడటంలో నష్టమేమీ లేదు.

స్లాట్ వైపు కూడా ఒక చూపు అవసరం. ఎనిమిది లేన్ల (మదర్‌బోర్డుకు డేటా వెళ్లే దారులు) కార్డు నాలుగు లేన్లకో, ఒక లేన్‌కో దిగి లింకు కట్టిందని సిస్టమ్ చూపిస్తే, స్లాట్ కూడా ఎనిమిది లేన్లదే అయినప్పుడు, అంచులోనో రైజర్‌లోనో (కార్డును మదర్‌బోర్డుకు కలిపే చిన్న బోర్డు) అంటుకోని చోటుందని అర్థం.

కార్డులోని ఈవెంట్ లాగ్‌ను వీలైనంత తొందరగా బయటికి తీసి దాచాలి. మెగారైడ్ కుటుంబానికి మెగాసీఎల్‌ఐ, స్టోర్‌సీఎల్‌ఐ అనే పనిముట్లు, హెచ్‌పీ కార్డులకైతే ఎస్‌ఎస్‌ఏసీఎల్‌ఐ ఈ పని చేస్తాయి. కార్డు పూర్తిగా పోతే లాగ్ కూడా దానితోపాటే పోతుంది. ఏ డిస్కు ఏ తేదీన ఏ సమయానికి పడిపోయిందన్నది, తర్వాతి నిర్ణయాలన్నిటికీ ఆధారం.

డేటా పోయేది ఎక్కువగా ఎప్పుడంటే

కార్డు లోపం దానంతటది డేటాను తుడిచేయడం అరుదు. లోపం తర్వాత తొందరపాటులో నొక్కిన మీటలే ఎక్కువగా ఆ పని చేస్తాయి.

కొత్త కార్డు పెట్టగానే, లేదా కార్డు తన జ్ఞాపకం కోల్పోయినప్పుడు, డిస్కులన్నీ ‘ఫారిన్’ అని కనిపిస్తాయి. డిస్కు మీదున్న మెటాడేటాకూ కార్డులో ఉన్నదానికీ పొంతన లేదన్నదే దీని అర్థం. అక్కడ ‘ఇంపోర్ట్’, ‘క్లియర్’ అని రెండు దారులు చూపిస్తుంది. మొదటిది డిస్కుల మీది వివరాన్ని కార్డులోకి తెచ్చుకుంటుంది. రెండోది ఆ వివరాన్నే చెరిపేస్తుంది. ఇంపోర్ట్‌కు ముందు ప్రివ్యూ చూపించే కార్డుల్లో దాన్ని చూడకుండా ముందుకెళ్లడం అనవసరమైన సాహసం. వాల్యూమ్ పరిమాణం, రైడ్ స్థాయి, డిస్కుల సంఖ్య మూడూ సరిపోవాలి.

‘ఫోర్స్ ఆన్‌లైన్’ ఇంకా ప్రమాదకరం. రైడ్ 5లో రెండు డిస్కులు పడిపోయి ఉంటే, వాటిలో ఒకటి మూడు నెలల కిందట, రెండోది నిన్న పడిపోయి ఉండొచ్చు. మూడు నెలల నాటి డిస్కులో పాత డేటా ఉంటుంది. దాన్ని బలవంతంగా ఆన్‌లైన్‌లోకి తెస్తే కొత్తదీ పాతదీ కలిసి వాల్యూమ్ అంతా ముక్కలు ముక్కలుగా చెడుతుంది. ఆన్‌లైన్‌లోకి తేవాల్సింది చివర పడిపోయిన డిస్కును. మొదట పోయినదాన్ని తర్వాత రీబిల్డ్ చేయాలి. ఏది చివరిదో చెప్పేది ఇందాకటి ఈవెంట్ లాగే.

రీబిల్డ్ సంగతీ తేలిక కాదు. మామూలు సాటా డిస్కుల వివరపత్రాల్లో 1 పక్కన 14 సున్నాలుగా రాసుకోదగ్గ స్థాయి బిట్లకు, అంటే సుమారు 12.5 టీబీకి, ఒక చదవలేని చోటు ఎదురుకావచ్చన్న అంచనా ఉంటుంది. అసలు అనుభవంలో డిస్కులు ఇంతకంటే మెరుగ్గానే ఉంటాయి. కానీ పెద్ద రైడ్ 5 రీబిల్డ్ మిగతా డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదివిస్తుంది. అదీ అనుమానం తీరని కార్డు మీద, కేబుల్ మీద. ఒక్క డిస్కు నష్టాన్నే తట్టుకునే చోట రెండో చోట చదవలేకపోతే ఆ ముక్కను కట్టుకునే దారి ఉండదు. రెండు డిస్కులు పోయినా తట్టుకునే రైడ్ 6కు ఈ విషయంలో ఇంకో అవకాశం మిగిలి ఉంటుంది.

క్యాష్‌లో ఇరుక్కుపోయిన డేటా మరో అంశం. వాల్యూమ్ మాయమైనప్పుడు ఇంకా రాయని రాతలను కార్డు పట్టుకుని కూర్చుంటుంది. వాటిని ‘డిస్కార్డ్’ (పారేయడం) చేయాలా అని కార్డు అడిగితే డిస్కులు తిరిగొచ్చేదాకా ఆగడమే మంచిది. కార్డే పోయిన పక్షంలో కూడా కొన్ని పాత కార్డుల్లో ఓ సౌకర్యముంది. మెమరీ మాడ్యూల్‌ను బ్యాటరీతో సహా, రెంటినీ విడదీయకుండా, అదే రకం కొత్త కార్డులోకి మార్చొచ్చు. కొత్త కార్డు ఆ రాతలను డిస్కులకు ఎక్కిస్తుంది. బ్యాటరీ మీద నిలిచే సమయం కార్డును బట్టి సుమారు 24 నుంచి 72 గంటలు. ఫ్లాష్‌లోకి దాచుకునే తరం కార్డులకు ఈ గడియారం లేదు.

మార్పిడి కార్డు ఎంపిక

పాత కార్డుల పేర్లు కొంత తికమకపెడతాయి. త్రీవేర్‌ను 2009లో ఎల్‌ఎస్‌ఐ తీసుకుంది. ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొన్నది, ఆ అవాగోనే 2016లో బ్రాడ్‌కామ్‌ను కొని ఆ పేరు పెట్టుకుంది. డెల్ పెర్క్‌లు, ఐబీఎం సర్వ్‌రైడ్‌లు చాలావరకు ఎల్‌ఎస్‌ఐ చిప్పుల మీదే తయారయ్యాయి. అందుకే పైన పేరు వేరైనా లోపలి మెటాడేటా ఒకే కుటుంబానిదై ఉండే అవకాశముంది. హెచ్‌పీ స్మార్ట్ అరే, అడాప్టెక్ వేరే కుటుంబాలు. ఒకదాని డిస్కులు మరొకదానికి అర్థం కావు.

అదే మోడల్, అదే లేదా అంతకన్నా కొత్త ఫర్మ్‌వేర్ ఉన్న కార్డు అన్నిటికన్నా నమ్మకమైన దారి. ఒకే కుటుంబంలో పాత తరం నుంచి కొత్త తరానికి డిస్కులు మారడం చాలాసార్లు సాఫీగా సాగుతుంది. వెనక్కి మాత్రం కుదరకపోవచ్చు. పెర్క్ 6/ఐ లాంటి కార్డులు 2 టీబీకి మించిన డిస్కులను పూర్తిగా వాడుకోలేవు. అంతకన్నా పెద్ద డిస్కులు ఉన్న అరేను వాటి వెనక పెట్టే ఆలోచన మొదట్లోనే మానుకోవాలి. మార్పిడి కార్డును ముందు అవసరం లేని డిస్కులతో నడిపించి చూసి, ఆ తర్వాతే అసలు డిస్కులను తగిలించడం తెలిసినవారు పాటించే క్రమం.

అదే కుటుంబం కార్డు ఎక్కడా దొరకనప్పుడు దారి మూసుకుపోదు. డిస్కులను రైడ్ లేని మామూలు హెచ్‌బీఏకు (డిస్కులను సిస్టమ్‌కు నేరుగా కలిపే కార్డు) తగిలించి, ఒక్కోదాన్ని డీడీరెస్క్యూ అనే పనిముట్టుతో మరో డిస్కుకు పూర్తి నకలు తీయాలి. ఇకపై ప్రయోగాలన్నీ నకళ్ల మీదే. మెటాడేటా డీడీఎఫ్ అనే ఉమ్మడి ప్రమాణంలో ఉంటే లినక్స్‌లోని ఎండీఆడ్మ్ పనిముట్టు దాన్ని గుర్తించి, చదవడానికి మాత్రమే అరేను నిలబెట్టొచ్చు. గుర్తించకపోతే డిస్కుల వరస, స్ట్రైప్ (డేటా పంచిన ముక్క) పరిమాణం, పారిటీ తిరిగే పద్ధతి విడిగా కనిపెట్టాలి. డిస్కులు బయటికి తీసేటప్పుడు స్లాట్ నంబర్ వాటి మీద రాసి ఉంచారా లేదా అన్నది ఈ దశలో ఒక పూట పనికీ, వారం పనికీ మధ్య తేడా అవుతుంది.

కార్డు వద్దనుకుంటే

కార్డులు దొరకడం తగ్గేకొద్దీ చాలామంది హెచ్‌బీఏకు మారి, రైడ్ పనిని లినక్స్‌కో, జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌కో అప్పగిస్తున్నారు. కొన్ని ఎల్‌ఎస్‌ఐ కార్డులకే ‘ఐటీ మోడ్’ ఫర్మ్‌వేర్ ఎక్కించి వాటిని హెచ్‌బీఏలుగా మార్చొచ్చు. అప్పుడు డిస్కులు ఆపరేటింగ్ సిస్టమ్‌కు నేరుగా కనిపిస్తాయి, ఏ కంపెనీ కార్డు పెట్టినా అరే లేస్తుంది. వదులుకునేది బ్యాటరీ అండ ఉన్న రైట్ క్యాష్‌ను. చిన్న రాతలు ఎక్కువగా ఉండే పనులకు ఆ లోటును వేరే చోట, కరెంటు పోయినా డేటా నిలబెట్టుకునే ఎస్‌ఎస్‌డీలతో, పూడ్చాల్సి ఉంటుంది. ఈ మార్పు పాత అరేను కాపాడే మార్గం మాత్రం కాదు. మెగారైడ్ రాసిన వాల్యూమ్‌ను జడ్‌ఎఫ్‌ఎస్ చదవలేదు. డేటా ముందు పాత పద్ధతిలోనే బయటికి రావాలి, డిస్కులను కొత్తగా రాసుకోవడం ఆ తర్వాతి మాట.